తువారా కత్తిరించిన పెళ్లి దుప్పటి

సిమెంటు బస్తా కాలి మీద పడింది, ఆసుపత్రిలో ఆ కాలికే సిమెంటు కట్టు వేశారు. ఈ ముక్క ఒకరికొకరు చెప్పుకుని పసిఫిక్ సముద్రంలోని మంగాయా దీవిలో జనం కొన్నాళ్లు హాయిగా నవ్వుకున్నారు. నవ్వు రానివాడు తువారా ఒక్కడే.

తువారా ఒనెరోవా రేవులో పంటు సరంగు. దీవి చుట్టూ పగడపు దిబ్బ ఉండటంతో ఓడ దగ్గరికి రాలేక అవతలే ఆగుతుంది. అలలు ఎప్పుడు లేస్తాయో, ఎప్పుడు తగ్గుతాయో చూసుకుని, దిబ్బలోని ఇరుకు సందులోంచి పంటును ఒక్క ఊపున దూకించి సరుకు ఒడ్డుకు చేర్చాలి. కుర్రతనం నుంచీ అదే అతని పని. యాభైకి దగ్గరపడ్డా ఒకచోట కుదురుగా కూర్చున్నది ఆదివారం చర్చిలోనే, అదీ భార్య మెరెయానా మోచేత్తో పొడుస్తూ ఉంటేనే. అలాంటి మనిషిని కాలు చాపించి వరండాలో కూర్చోబెట్టారు.

పంటు మీద తోడుండే తైరి చూడటానికి వచ్చాడు. "ఒరేయ్, ఇంట్లో ఆడాళ్ల మధ్య కూర్చుని ఏం చేస్తావురా? జుట్టు పెంచుకో, జడ వేస్తారు," అన్నాడు. తువారా చేతికర్ర విసిరాడు. తైరికి తగల్లేదు కానీ మెట్ల మీదున్న కోడి అరుచుకుంటూ పారిపోయింది.

ఆ వరండా నిజంగానే ఆడవాళ్ల రాజ్యం. అత్తగారు ఆకైతి పొద్దున్నే వచ్చి చాప మీద కూర్చునేది. వాన వెలిసిన తెల్లవారుజామున పగడపు రాళ్ల మీద దొరికే చిట్టి నత్తల గుల్లలు ఆమె ముందు కుప్పగా ఉండేవి. వాటిని బట్టలసోడా కలిపిన నీళ్లలో ఉడకబెడితే నల్లటి పొర ఊడిపోయి పసుపురంగులో మెరుస్తాయి. బియ్యపు గింజకంటే కాస్త పెద్దవి, అంతే. ఒక్కొక్కదానికి సూదితో చిల్లు పొడిచి దండ గుచ్చాలి. ఆకైతికి చూపు తగ్గిపోయింది. సూది గుల్లలో దిగడం మాని వేలిలో దిగుతోంది.

రెండు రోజులు చూసి తువారా ఆగలేకపోయాడు.

"ఇలా ఇవ్వు అత్తమ్మా. గుల్లలకంటే నీ వేళ్లకే చిల్లులు ఎక్కువ పడ్డాయి."

"నీ చేతులకా?" ముసలావిడ పకపకా నవ్వింది. "ఆ చేతులు తగిలితే పిండైపోతాయి అల్లుడూ, గుల్లలవి. బస్తాలు కావు."

నిజమే. మొదటి గుప్పెడంతా పొడి పొడి అయిపోయింది. అతని చెమట గడ్డం మీదుగా కారి చొక్కా తడిసింది. మధ్యాహ్నం అన్నానికి పిలిచినా లేవలేదు. చివరికి సూది 'టిక్'మని దిగింది. గుల్ల పగల్లేదు. ఎత్తి చూస్తే చిల్లులోంచి సూర్యుడు కనబడ్డాడు.

"పడింది! పడింది!" అని అరిచాడు.

వంటింట్లో చేమదుంపలు చెక్కుతున్న మెరెయానా కత్తితో సహా పరుగెత్తుకొచ్చింది. "అయ్యో దేవుడా, ఎక్కడ పడ్డావు? రెండో కాలా?"

"నేను కాదే! చిల్లు పడింది!"

ఆవిడ కాసేపు అతన్ని, గుల్లని మార్చి మార్చి చూసింది. లోపలికి వెళ్లిపోయింది. వెళుతూ వెళుతూ నవ్వు మింగుకోవడం ఆకైతికి కనబడలేదు గానీ వినబడింది.

ఆ రోజుతో తువారాకు పూనకం వచ్చింది. కళ్లు తెరవగానే సూది కోసం తడుముకునేవాడు. దండ పూర్తయిన రోజు దాన్ని మెడలో వేసుకుని, చేతికర్ర మీద కుంటుతూ దారిన పోయేవాళ్లందరికీ చూపించాడు. దండ చేతికొచ్చాక గుల్లల మీద మోజు తగ్గి, మనసు టోపీల మీదికి మళ్లింది. కొబ్బరి మొవ్వు ఆకు ఉడకబెట్టి ఎండబెడితే తెల్లగా పట్టులా అవుతుంది. దాన్ని సన్నగా చీల్చి ఆడవాళ్లు చర్చి టోపీలు అల్లుతారు. ఆ అల్లిక మెరెయానా చెల్లెలు మొయెరోవాకు బాగా వచ్చు. నోరు అంతకంటే బాగా వచ్చు.

"బావా, పై పాయ కిందికి, కింది పాయ పైకి. పంటు తాడు ముడి కాదు, బిగించకు!"

"బిగించకపోతే ఊడిపోదూ?"

"టోపీ ఎక్కడికి పోతుంది బావా, ఓడెక్కి పోతుందా?"

వారం తిరిగేసరికి టోపీ తయారైంది. ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్లంగా, నడుమ గుంట పడి ఉంది. మొయెరోవా దాన్ని తీసుకెళ్లి పెరట్లో పెడితే, కర్ర దెబ్బ తప్పించుకున్న ఆ కోడే వచ్చి అందులో సర్దుకుని కూర్చుంది. తువారా అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే రెండో టోపీకి ఆకు చీల్చడం మొదలుపెట్టాడు.

ఇంతలో పెళ్లి కుదిరింది. తువారా కూతురు తెపాయెరు ఊరి బడిలో పిల్లలకు చదువు చెబుతుంది. ఇవిరువా ఊరి అబ్బాయిని ఇష్టపడింది, ఆ ఇంటివాళ్లు వచ్చి మాట్లాడుకుని వెళ్లారు. పెళ్లంటే తివైవై దుప్పటి ఉండాల్సిందే. ఒకే రంగు పెద్ద గుడ్డను మడతలు పెట్టి కత్తిరిస్తారు. విప్పితే గుడ్డంతా పూలూ ఆకులూ తీగలతో ఒకే ముగ్గులా పరుచుకుంటుంది. దాన్ని వేరే రంగు గుడ్డ మీద పరిచి చేత్తో కుడతారు. కుట్టడానికి ఊళ్లో ఆడవాళ్లందరూ వస్తారు. కత్తిరించడం మాత్రం అందరికీ రాదు. ఒనెరోవాలో ఆ కత్తెర ముప్పై ఏళ్లుగా ఆకైతిదే.

పెద్ద దీవి రారొటోంగా నుంచి ఓడలో వచ్చిన ఎర్రగుడ్డ వరండాలో మడత పెట్టి ఉంది. ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఆకైతి కత్తెర చేతిలోకి తీసుకుని, గుడ్డ మీద అరచెయ్యి నెమ్మదిగా ఆడించి, కత్తెర కింద పెట్టేసింది.

"నా వల్ల కాదే. ఎరుపు తప్ప ఏం ఆనడం లేదు. మీలో ఎవరైనా కోయండి."

ఎవరూ కదల్లేదు. ఒకావిడ దగ్గింది. మొయెరోవా కూడా గోళ్లు చూసుకుంటూ కూర్చుంది. ఒక్క గాటు తప్పు పడితే గుడ్డ పోతుంది, ఇంకో గుడ్డ తేవడానికి పెళ్లిలోపు ఓడ రాదు.

"నేను కోస్తా," అన్నాడు మూల నుంచి తువారా.

"నువ్వు నోరు మూసుకుని కూర్చో," అంది మెరెయానా, వెనక్కి తిరగకుండానే.

"కోళ్లకు టోపీలు అల్లడం కాదు బావా ఇది!" అంది మొయెరోవా. వరండా గొల్లుమంది.

ఆకైతి చెయ్యెత్తింది. "గీయి అల్లుడూ. బొగ్గుతో పాత సంచి మీద గీయి. మొయెరోవా, అది ఎలా ఉందో నాకు చెప్పు."

తువారా గీశాడు. మందార పువ్వు గీయలేదు, సీమపనస ఆకు గీయలేదు. అతనికి బాగా తెలిసినది గీశాడు. దిబ్బ సందుల్లో, తేటనీళ్ల అడుగున, రంగు మారుస్తూ జారిపోయే ఆక్టోపస్‌ను. దాని చేతులు సుడులు తిరుగుతున్నాయి, ఒక్కో చేతి కొస ఒక్కో వంపు తిరిగింది. మొయెరోవా చెప్పడం మొదలుపెట్టింది, మధ్యలో ఆగిపోయింది. "అమ్మా, కదులుతున్నట్టుందే," అంది, మొదటిసారి వెటకారం లేకుండా.

ఆకైతి కత్తెర తిప్పి, పిడివైపు అతనికి అందించింది.

తువారా గుండె పంటు ఇంజనులా కొట్టుకుంది. దిబ్బ సందులోకి దూకేముందు అలను చూసినట్టు గుడ్డను చూశాడు. మడతల మందం మీద కత్తెర 'కరకర'మని కదిలింది. మొదట నెమ్మదిగా వెళ్లాడు. తర్వాత చెయ్యి ఊపందుకుంది. సుడి తిప్పాడు, ఇంకో సుడి తిప్పాడు, కొస వంచాడు. ఆడవాళ్లు మోకాళ్ల మీద ముందుకు జరిగారు. ఎర్రటి పీలికలు అతని సిమెంటు కట్టు చుట్టూ రాలాయి. "అయిపోయింది!" అని కత్తెర పైకెత్తాడు. మెరెయానా ఒక కొస, మొయెరోవా ఒక కొస పట్టుకుని లాగారు.

గుడ్డ విచ్చుకోలేదు. నాలుగు ముక్కలై నేల మీద పడింది.

ఉత్సాహంలో అతను మడత అంచుల వెంట కూడా కత్తెర నడిపించేశాడు. అక్కడే బొమ్మలు ఒకదానినొకటి పట్టుకుని ఉండాలి. ఆ సంగతి చెప్పాలని ఎవరికీ తోచలేదు, ముప్పై ఏళ్లుగా ఆకైతి చేతులకు తెలిసిన విషయం కాబట్టి.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆ నవ్వు ఆపినా ఆగలేదు. ఆడవాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు వాలిపోయి నవ్వారు. మెరెయానా ఒక్కతే నవ్వలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే గంప ఎత్తుకుని చేమ మడి వైపు వెళ్లిపోయింది. తువారాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

"అత్తమ్మా," అన్నాడు. "నాశనం చేశాను."

"నేను మొదటిసారి కోసినప్పుడు ఎనిమిది ముక్కలయింది నాయనా. మీ మామ వాటిని కిటికీలకు కట్టుకున్నాడు," అంది ఆకైతి. ఒక ముక్క ఒళ్లో వేసుకుని అంచుల వెంట వేలు నడిపించింది. వేలు సుడిలోకి వెళ్లింది, బయటికొచ్చింది, ఇంకో సుడిలోకి వెళ్లింది. "చెయ్యి వణకలేదు. ఎక్కడా వణకలేదు," అని తనలో తాను అనుకుంది.

బడి విడిచి తెపాయెరు వచ్చేసరికి ఇదీ పరిస్థితి. ఆ పిల్ల చెప్పులు విడిచి, తెల్లటి అడుగుగుడ్డ నేల మీద పరిచి, నాలుగు ఆక్టోపస్‌లనూ అటూ ఇటూ జరపడం మొదలుపెట్టింది. తలలు నాలుగు మూలలకు పెట్టింది, చేతులన్నీ నడుమకు తిప్పింది. కొసలు ఒకదానికొకటి తగిలీ తగలకుండా ఉన్నాయి. నడుమ మిగిలిన తెల్లటి గుడ్డ దిబ్బ లోపలి నీటి మడుగులా ఉంది. తువారా ఊపిరి బిగపట్టి చూశాడు. ఒక ముక్కను తనే బొటనవేలంత పక్కకు జరిపాడు. అంతే, నాలుగూ ఈదడం మొదలుపెట్టాయి!

"నాకు ఇదే కావాలి నాన్నా," అంది తెపాయెరు.

"ఇన్ని చేతుల మధ్య కొత్త పెళ్లికొడుకు నిద్రపోతాడటే?" అంది మొయెరోవా.

"నిద్రపోకపోతే మరీ మంచిది," అంది ఆకైతి. వరండా కప్పు ఎగిరిపోయినంత పనయింది.

మెరెయానా గంపతో తిరిగొచ్చి, దుప్పటి చుట్టూ ఒకసారి నడిచింది. ముఖం ఇంకా బిగుసుకునే ఉంది. "సరే. కానీ కోసినవాడే కుట్టాలి. కట్టు విప్పేదాకా ఈ చాప దిగడానికి వీల్లేదు," అంది.

శిక్ష వేశాననుకుంది. తువారా ముఖం వెలిగిపోయింది.

మర్నాటి నుంచి గుడ్డ చుట్టూ ఆడవాళ్లు, వాళ్ల మధ్య కాలు చాపుకుని అతను. ముందు కచ్చా కుట్టు, తర్వాత అంచు లోపలికి మడుస్తూ గోటి కొసకంటే చిన్న కుట్లు. మొదట్లో అతని ముందు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత అతను మగవాడన్న సంగతి మరచిపోయారు. ఎవరి మొగుడు కొబ్బరిసారా తాగి ఎక్కడ పడిపోయాడో, చర్చి పాటల్లో ఎవరు శ్రుతి తప్పుతారో, తైరిని వాడి పెళ్లాం ఇంట్లో ఏమని పిలుస్తుందో అన్నీ తెలిశాయి. ఒకావిడ పాట ఎత్తుకునేది, మిగతావాళ్లు అందుకునేవాళ్లు, కింది స్వరం తువారాది. సూదులన్నీ ఒకే ఊపులో లేచి దిగేవి. అలల మీద తప్ప ఇంకెక్కడా తన ఒళ్లు ఇంత తేలిగ్గా ఉండగలదని అతను ఎరగడు. పక్కన కూర్చున్న మెరెయానా ఒక రోజు అతని కుట్లు వేలితో తడిమి చూసి, తన సూదిలో దారం ఎక్కించి అతని చేతికిచ్చింది.

పెళ్లినాడు ఇవిరువావాళ్లు చాపలు, పందులు, చేమదుంపల గంపలు తీసుకుని లారీల మీద పాడుకుంటూ వచ్చారు. వధూవరులను కూర్చోబెట్టి రెండువైపులవాళ్లూ తెచ్చిన దుప్పట్లు ఒక్కొక్కటిగా వాళ్ల చుట్టూ కప్పుతున్నారు. మందారాలు వచ్చాయి, లిల్లీలు వచ్చాయి. అప్పుడు ఎర్రటి ఆక్టోపస్‌లు గాలిలో విచ్చుకున్నాయి. జనంలో పెద్ద కేక లేచింది. పెళ్లికొడుకు మామ్మ కర్ర పట్టుకుని ముందుకొచ్చి, అంచు పట్టుకుని దగ్గరగా చూసింది.

"ఎవరు కోశారు దీన్ని? ఆకైతీ, నువ్వా?"

"మా అల్లుడు."

"ఏ అల్లుడు? పంటు నడిపేవాడా?" ముసలావిడ నోరు తెరిచింది. జనమంతా తువారా వైపు తిరిగారు. కొత్తగా కట్టు విప్పిన కాలు తెల్లగా పాలిపోయి ఉండగా, అతను పెద్ద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. "అయితే నాకూ ఒకటి కోసిపెట్టు నాయనా. నా పడుచుదనంలో ఆక్టోపస్‌లు పట్టినదాన్ని నేను," అందావిడ. డప్పులు మోగాయి. పెళ్లికొడుకు తరఫు ఆడవాళ్లు అతన్ని మధ్యలోకి లాగి ఆడించారు. కాలు నొప్పిగా ఉందన్న సంగతి అతనికి మర్నాడు గుర్తొచ్చింది.

ఆ తర్వాత ఆ ముసలావిడ పంపిన నీలంగుడ్డ మీద తను కత్తెర పెట్టినప్పుడు తువారా మడత అంచును బొటనవేలితో నొక్కిపట్టాడు. విప్పే ముందు కళ్లు మూసుకున్నాడు. "కళ్లు తెరువయ్యా," అంది మెరెయానా. తెరిచాడు. ఒక్క గుడ్డే, ఒక్క సముద్రమే, ఎక్కడా తెగలేదు. చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు, పక్కనున్న మొయెరోవాను పట్టుకుని గిరగిరా తిప్పాడు. ఆవిడ "అక్కా, నీ మొగుణ్ణి పట్టుకోవే!" అని కేకలు పెట్టింది.

తర్వాత తువారా మళ్లీ పంటు ఎక్కాడు. ఓడ వచ్చిన రోజుల్లో సరంగు, రాని రోజుల్లో ఊరి కత్తెర. టోపీలు మాత్రం అతనికి చివరిదాకా కుదరలేదు, ఆ సంగతి అతను ఒప్పుకోనూ లేదు. కొబ్బరి చిప్పతో ఉకులేలే అనే చిట్టి గిటారు చేయడం నేర్చుకుని ఇల్లంతా చిప్పలతో నింపాడు. మొన్నీమధ్య ఇవిరువా నుంచి మొగలి ఆకుల మోపొకటి సైకిలు మీద కట్టుకొచ్చాడు. చాప నేయాలట. చేమాకు వండే పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టి అందులో ఆ ఆకులు ఉడకబెడుతుంటే మెరెయానా చూసింది.

"ఏమయ్యా, మధ్యాహ్నం మనం ఏం తినాలి?"

"ఇటు రావే, ముందు ఇది చూడు," అన్నాడతను, ఆవిర్లోంచి ఒక ఆకు పైకెత్తి పట్టుకుని. "ఎంత మెత్తగా వంగుతోందో చూడు!"

ఆవిడ గరిట పక్కన పెట్టి, చూడటానికి దగ్గరికి వెళ్లింది.