ముందు చక్రాల కింద నిమ్మకాయలు

ఇబ్రహీంపట్నం చుట్టూ పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజుల్లో, రాళ్లలో గుట్టల్లో నడపడానికి పైకప్పు లేని చిన్న బగ్గీ బండి ఒకటి కట్టించుకున్నాను. దాని స్కూటర్ ఇంజన్ చిన్న గట్టు కూడా ఎక్కేది కాదు. అది పీకేసి, పాత కారు ఇంజన్, క్లచ్ తెచ్చి వెనక బిగించాం. ఉన్న చోటులో ఇంజన్ పట్టకపోతే, ఇటు వైపుది అటు తిప్పి పెట్టమన్నది నేనే.

బండి మొదటిసారి కదిలించే రోజు మా ఆవిడ బొట్లు పెట్టి, ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు ఉంచింది. బండి కట్టిన మెకానిక్ మాత్రం దగ్గరికొచ్చి నసిగాడు.

"ఇంజన్ తిప్పి పెట్టినం, అన్నా. జర జాకీ మీద లేపి, చక్రాలు ఎటు తిరుగుతున్నయో చూసినంక పోదాం."

"ముహూర్తం దాటిపోతోంది. నీ అనుమానాలు తర్వాత" అని కసిరాను. ఆ కోపంలోనే మా ఆవిడ మీదా అరిచాను. "బండి ముందు నిలబడతావేంటి? వెనక్కి పో."

కొబ్బరికాయ పట్టుకుని వెనక్కి వెళ్లింది. నేను మొదటి గేరు వేసి క్లచ్ వదిలాను.

బండి వెనక్కి దూకింది.

"అన్నా, ఆపు" అని మెకానిక్ గొంతు వినిపించింది. ఆ కారు క్లచ్ రాయిలా ఉంది. క్లచ్చూ బ్రేకూ కలిపి, ఒంట్లో బలమంతా పెట్టి తొక్కాను. క్లచ్ పూర్తిగా దిగకముందే బ్రేకు పట్టేసి ఇంజన్ ఆగిపోయింది. వెనక నుంచి ఏ చప్పుడూ లేదు. తల తిప్పడానికి ధైర్యం చాల్లేదు.

చివరికి తిరిగి చూస్తే, ఆమె మోకాళ్లకూ ఇంజన్‌కూ మధ్య జానెడు ఎడం ఉంది.

మెకానిక్ జాకీ తేవడానికి వెళ్లాడు. ఆమె బండి ముందుకొచ్చి, నలగని నిమ్మకాయలు రెండూ చేతిలోకి తీసుకుంది.

"ఈసారి నన్నెక్కడ నిలబడమంటారు?" అని అడిగింది.