సీసాలో రెండు పరిగెలు

అమలాపురం కాలేజీలో మా జువాలజీ మేష్టారు ఫార్మలిన్ సీసాలోని రెండు చేదుపరిగె చేపల్ని కిటికీ వెలుగుకెత్తి, ప్రతి బ్యాచ్‌కీ చూపించేవారు.

"చూడ్డానికి కవలలే గానీ, జాతులు వేరండీ!"

మమ్మల్ని కూడా అండీ అనేవారు.

నేను ఆయన దగ్గరే ల్యాబులో ఉద్యోగానికి చేరేక, జాతుల్ని డీఎన్‌ఏతో తేల్చేస్తున్నారని విని, మేష్టారు రెంటిలోంచీ చిన్న ముక్కలు కోసి పరీక్షకి పంపేరు. ఫార్మలిన్‌లో డీఎన్‌ఏ పాడైపోతుందనీ, తాజా చేపలు కావాలనీ జవాబొచ్చింది. పాడవకూడదనే కదా ఆయన ఫార్మలిన్ పోసింది!

మొదటి రకం ఎక్కడైనా దొరికేదే గనక, వల పట్టుకుని, రెండో పరిగె దొరికిన, చేలకి నీళ్ళు పారే పంటబోదె దగ్గరికి ఇద్దరం వెళ్ళేం. రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు పారుతున్నాయి. పరిగె కాదు కదా, కప్ప కూడా లేదు.

తిరిగొచ్చి మేష్టారు మళ్ళీ సీసా ఎత్తేరు.

"జాతులు వేరే కదండీ?" అని నన్నడిగేరు.

"ఆయ్" అన్నాను. ఇంకేమనను?