అద్దుడు కాగితం

గోదావరిఖని బ్యాంకులో గుమాస్తా ఓదెలుకు ఒక అలవాటుండేది. కౌంటరు దగ్గరికి ఎవరొచ్చినా, తెరిచి ఉన్న లెడ్జరు మీద సిరా అద్దుడు కాగితం కప్పి, దానిమీద అరచెయ్యి ఆనించి, అప్పుడు గాని తలెత్తేవాడు కాదు. ఇంట్లో పేపరు చదువుకుంటుండగా భార్య పలకరించినా ఆ చెయ్యి అలాగే పేపరు మీద పడేది.

డెబ్బై నాలుగులో అతని తమ్ముడు కామెర్లతో పోయాడు. గని నుంచి వచ్చిన ప్రావిడెంట్ ఫండును తమ్ముడి భార్య ఐలవ్వ ఆ బ్యాంకులోనే వేసుకుంది. అదెంతో చెప్పమని పెద్దన్న కొమురెల్లి వచ్చి కూర్చున్నాడు.

"రిజర్వు బ్యాంకుకు అర్జీ పెట్టుకో అన్నా. వాళ్లు చెప్పుమంటె చెప్త."

"తోడబుట్టినోనికి గూడ అర్జీ ఏందిరా?" అని కస్సుమంటూనే కొమురెల్లి రాసిచ్చాడు. రెండు నెలలకు ఆ అర్జీతో పాటే బ్యాంకుకు జవాబొచ్చింది: ఖాతాదారు ఒప్పుకోనిదే ఎవరికీ చెప్పకూడదని. ఆ రోజు నుంచి అన్న ఓదెలు గడప తొక్కలేదు, ఎదురుపడినా పలకరించలేదు.

ఒకనాడు ఐలవ్వ కౌంటరు ముందుకొచ్చి నిలబడింది. "నా పైసలెన్నని ఎవరో అర్జీ పెట్టిండ్రట. ఎవరు బావా?"

ఓదెలు అన్న సంతకమున్న అర్జీ మీదికి అద్దుడు కాగితం జరిపాడు. దానిమీద అరచెయ్యి ఆనించాడు.

"అది గూడ చెప్పరాదు, ఐలవ్వా."