ఆపా పేరు పక్కన నేను రాసిన అంకె

మా ఆపా పోయింది. బుధవారం, టీకాల రోజు. నేను పీహెచ్‌సీలో టీకాల డబ్బా సర్దుకుని భుజానికి తగిలించుకుంటుంటే ఊరి నుంచి ఆశ వర్కరు ఫోన్ చేసింది. "అక్కా, ఆపా చాయ్ పెట్టుకుంట పొయ్యికాడ్నే పడిపోయింది. మూతి వంకర వోయింది. మాట వస్తలేదు." వరంగల్ తీసుకుపోతుంటే అంబులెన్సులోనే ప్రాణం పోయింది. తలలో నరం చిట్లిందన్నారు. బీపీ ఎప్పటినుంచో ఉండి ఉంటుంది, మీరెవరూ చూడలేదా అని డాక్టరు అడిగారట.

జఫర్‌గఢ్ చుట్టుపక్కల ఊళ్ళలో ఆమె ముప్పై ఏళ్ళు ఏఎన్ఎంగా పనిచేసింది. పిల్లలకు సూదులు వేయడం, గర్భిణులను చూడడం, ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ పరీక్ష చేయడం ఆమె పని. ఊరంతా సిస్టరమ్మ అనేది. నేను మాత్రం వాళ్ళింట్లో వాళ్ళలాగే ఆపా అని పిలిచేదాన్ని, అంటే అక్క. నాకు పని నేర్పింది ఆమే. ఆపా గురించి నాలుగు మాటలు రాయమని తోటివాళ్ళు అడిగారు. రాస్తాను. అయితే ఆమె బిడ్డకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. ఆ పిల్లకు చెప్పలేకపోయి మీకు చెప్తున్నాను. సిగ్గుగానే ఉంది, చెప్పక చస్తానా?

పత్తి ఏరే రోజుల్లో మా ఊళ్ళలో పగటిపూట ఏ ఇంటికి పోయినా తాళమే. రికార్డులో 'ఇంట్లో లేరు' అని రాసుకుని వచ్చేయొచ్చు. ఆపా రాయనిచ్చేది కాదు. బీపీ మిషన్ సంచిలో వేసుకుని చేన్లకే నడిచేది. కూలివాళ్ళు అన్నం తినే వేళకు గట్టు మీద కూర్చునేది. ముందు బీపీ ఊసే ఎత్తదు. ఎవరి గిన్నెలో ఏముందో తొంగిచూస్తుంది. ఒక అవ్వ గిన్నెలో అన్నం కంటే మామిడికాయ తొక్కే ఎక్కువ కనపడింది ఒకసారి.

"తొక్కు బందు వెట్టుమంట లేనవ్వా. ఇయ్యాల రెండుసార్లు ఏసుకున్నవు, రేపు ఒక్కసారే ఏసుకో. జర నా మాట ఇను."

"నీ బిడ్డ పెండ్లిల గూడ ఉప్పులేని కూరలే వెట్టినవా ఏంది, సిస్టరమ్మా?" అంది అవ్వ.

"పెట్టిన. అందుకే చుట్టాలు జల్ది లేసి పోయిండ్రు."

చేనంతా నవ్వింది. ఆ నవ్వులోనే అవ్వ చెయ్యి చాపింది. కానీ ఆపా వెంటనే పట్టీ చుట్టదు. "అయిదు నిమిషాలు ఉత్తగ కూసో. మాట్లాడకు. పనిజేసిన ఆయాసం నాకొద్దు, నీ బీపీ గావాలె" అనేది. ఎంతమంది వరుసలో ఉన్నా ఆ అయిదు నిమిషాలు అయిదు నిమిషాలే. నాకు విసుగు పుట్టేది. ఆమెకు మాత్రం ఎన్నడూ పుట్టలేదు.

గోలీలు వాడేవాళ్ళ దగ్గర ఆమెది ఇంకో పద్ధతి. "ఏసుకున్నవా అని అడగకు పిల్లా. అడిగితె అందరు ఏసుకున్ననే అంటరు. ఖాళీ రేకు చూపియ్యుమను" అనేది. అందుకని ముసలివాళ్ళు అయిపోయిన గోలీల రేకులు పారేయకుండా చూరులోనో, దిండు కిందో దాచిపెట్టేవాళ్ళు, సిస్టరమ్మ వస్తే చూపించాలని. ఆపాను మట్టికి తీసుకుపోయిన రోజు వాళ్ళ వాకిట్లో ఒక ముసలాయన గోడకు ఆనుకుని, "ఇగ నా రేకులు ఎవరు జూస్తరు" అని పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేను చూస్తాను తాతా అనాలి. ఆ మాట అనే ముఖం నాకెక్కడిది!

ఎందుకో చెప్తాను. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది ఎండాకాలం. తండాలో ముగ్గురు ముసలమ్మలు రెండుసార్లు పోయినా దొరకలేదు. మూడోసారి తిరగబుద్ధి కాక, అంతకుముందు నెల అంకెలనే అటూ ఇటూ మార్చి రాసేశాను. ఆపా పేజీ చూడగానే పట్టేసింది. తిట్టలేదు. "చెప్పులు తొడుక్కో" అంది. మిట్టమధ్యాహ్నం ఆ మండే ఎండలో నాతోపాటు తనూ నడిచింది. ముగ్గురినీ వెతికి పట్టుకుని చూశాం. నేను బాగానే ఉందని రాసిన ఒకామెకు ఆ రోజు నూట తొంభై ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఆపా అంది, "ఖాళీ ఇడిసిపెడితె ఎన్నడన్న ఎవరన్న అడుగుతరు, గీమెకెందుకు జూడలేదని. నింపినవనుకో, ఇగ ఎవ్వరడగరు. గా మనిషి సంగతి అక్కడికే అయిపాయె." దొంగ అంకె ఇంకెప్పుడూ రాయనని ఆ రోజు ఆమె చెయ్యి పట్టుకుని ఒట్టు వేశాను.

పోయినేడు ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి మనిషికీ పరీక్ష చేయాలన్నారు. ఆఖరి రోజుకు ఊరివాళ్ళందరివీ అయిపోయి మా స్టాఫ్ పేర్లు మిగిలాయి. మాలో ఒక పాడు అలవాటుంది. ఊరందరికీ చూస్తాం, మాకు మేము చూసుకోం. మా పేర్ల పక్కన నూట ఇరవై, ఎనభై అని రాసేసుకుంటాం. రోజంతా బీపీ మిషన్ మోసేవాళ్ళకు బీపీ ఏమిటన్న ధీమా. ఆ అలవాటు ఒక్కటే ఆపా కంటికి తప్పుగా ఆనలేదు. ఎందుకు ఆనలేదో ఆమెనే అడగాలి, ఇప్పుడెక్కడ అడగను?

ఆ రోజు ఆపా దుపట్టా నుదుటికి బిగించి కట్టుకుని కూర్చుంది. వారంగా తలనొప్పి. ఎండ అంటుంది, అద్దాలు మార్చాలంటుంది. నేను పట్టీ తీసి, "ఆపా, చెయ్యి తే, చూస్త" అన్నాను.

"అయిదు నిమిషాలు కూసోవాలె గదనే. మానుకోట బస్సు పోతది, బిడ్డ ఎదురుచూస్తది. రాసెయ్యి. నాకేమైతది?"

రాశాను. ఆమె పేరు పక్కన, నా చేత్తో. తర్వాత బస్టాండు దాకా సాగనంపాను. బస్సు అరగంట ఆలస్యంగా వచ్చింది. అంతసేపూ ఇద్దరం పల్లీలు తింటూ నిలబడి ఏవేవో మాట్లాడుకున్నాం. మిషన్ నా భుజాన సంచిలోనే ఉంది.

ఆపా పోయిన పదిరోజులకు ఆమె బిడ్డ మా సబ్‌సెంటరుకు వచ్చింది, తల్లి బీరువాలో మిగిలిన స్వెటరు, టిఫిన్ డబ్బా తీసుకుపోదామని. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆపా కుర్చీలో కూర్చుని బల్ల మీద చెయ్యి రాస్తూ అడిగింది.

"అక్కా, నువ్వు దినాం అమ్మీతోనే ఉంటివి. అమ్మీకి బీపీ ఎన్నడన్న చూసినవా? ఎంత ఉండె?"

"చూసిన. నూట ఇరవై, ఎనభై" అన్నాను. నా నోరు పడిపోను, ఎంత సాఫీగా వచ్చిందో!

"మరి గిట్లెట్లాయె అక్కా?"

ఆమె ముఖం చూడలేక, "నీది గూడ చూస్త, ఉండు" అని లేచాను. అయిదు నిమిషాలు కూర్చోబెట్టాను. నూట అరవై ఎనిమిది, నూట నాలుగు. మళ్ళీ చూశాను. రెండో చేతికి చూశాను. అంతే ఉంది.

"బాగ ఎక్కువుంది బిడ్డా. రేపే మానుకోటల డాక్టర్ను కలువు. గోలీలు వాడవలసి వస్తది" అని చీటీ రాసి చేతికిచ్చాను.

ఆమె చీటీ చూసి తల అడ్డంగా ఊపింది. "అమ్మీ పోయిన రంధి అక్కా గిది. తిండి లేదు, నిద్ర లేదు. నాల్గు దినాలైతె అదే తగ్గుతది. మా ఇంట్ల ఎవ్వరికి లేదు. అమ్మీకి గూడ లేదని నువ్వే అంటివి గద. నాకెట్ల వస్తది?"

నోరు తెరిచాను. నేను చూడలేదు బిడ్డా, ఉత్తగ రాసిన. ఇంతే కదా అనాల్సింది. ఆమె లేచి నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది. "నువ్వు పక్కనున్నవనే అమ్మీ ధైర్యంగ ఉండె అక్కా. సొంత చెల్లె లెక్క చూసుకున్నవు" అంది. నేను ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాను. అంతకుమించి ఏమీ చేయలేదు.

ఆటో ఎక్కి, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. నేనూ ఊపాను. లోపలికి వచ్చి చూస్తే చీటీ బల్ల మీదే ఉంది.