మా టోలీలో వంట వంతు

మొన్న మా మునిమనవరాలు బడి నుంచి స్కౌటు రుమాలు తెచ్చుకుని, మెడకు ఎట్లా కట్టుకోవాలో తెలియక అద్దం ముందు అవస్థ పడుతుంటే, ఇట్లా తెమ్మని తీసుకుని మంచం మీద పరిచి, మూల నుంచి బిగువుగా చుట్టుకుంటూ వచ్చి దాని మెడలో వేశాను. చత్వారపు కళ్ల ముసలాయనకు ఈ పనెట్లా వచ్చని ఇంటిల్లిపాదీ నా మొహం చూశారు. నేనూ ఒకప్పుడు స్కౌటునేనంటే కోడలు నవ్వి ఊరుకుంది. నా ఈడువాళ్లు మీరైతే నమ్ముతారు కనుక మీకే చెప్పుకుంటున్నాను.

నైజాం జమానాలో, పెద్ద లడాయి నడుస్తున్న రోజుల్లో, మహబూబ్‌నగర్ జిల్లాలోని మా తాలూకా ఊళ్లో వస్తానియా, అంటే ఇప్పుడు మిడిల్ స్కూలంటున్నామే, అందులో చదివేవాణ్ని. చదువంతా ఉర్దూలోనే. మా డ్రిల్లు మాస్టరును అందరం డ్రిల్ సాబు అనేవాళ్లం. ఆయన రూమీ టోపీ సర్దుకుని 'హోషియార్' అని కేకేస్తే బజార్లో పోయే గాడిదలు కూడా బిర్రబిగుసుకుని నిలబడతాయని మేం చాటుగా నవ్వుకునేది. మా స్కౌటు దళాన్ని పుట్టించిందీ పెంచిందీ ఆయనే. బట్ట దొరకని కాలం, నిక్కర్లు తలా ఒక రంగువి, రుమాళ్లు మాత్రం ఆయన బేగం ఇంట్లోనే రంగద్ది ఇచ్చేది కనుక అన్నీ ఒక్క తీరుగా ఉండేవి. జాతరలో తప్పిపోయిన పిల్లలను వెతికి తల్లులకు అప్పజెప్పడం, గత్తర, అంటే కలరా, వచ్చిన ఏట బావుల్లో మందు చల్లడం మా పనులు. ఆ రుమాలు మెడలో పడితే చాలు, జిల్లా కలెక్టరు కూడా మా ముందు దిగదుడుపే అనిపించేది.

దళంలో మేం చిన్న చిన్న టోలీలుగా ఉండేవాళ్లం. మా టోలీలో నాకు ప్రాణ స్నేహితుడొకడు, ఊరి బయటి ఇండ్ల నుంచి వచ్చేవాడు. వాళ్లు చర్చికి పోయేవాళ్లు, అమ్మానాయినలు కూలి చేసుకుని బతికేవాళ్లు. మిషను బడిలో చదువు మొదలుపెట్టి మా బడికి వచ్చాడు. ముడులు వెయ్యడంలో, వాగు దాటడంలో వాణ్ని మించినవాడు లేడు.

ఏటా దళమంతా అచ్చంపేట దాటి, నల్లమల మొదలయ్యే చోట వాగొడ్డున మామిడితోటలో క్యాంపు వేసేది. అక్కడ డ్రిల్ సాబుది ఒకటే కానూను, వంట వంతులవారీగా చెయ్యాలి, అందరూ ఒకే బంతిన తినాలి. ఈ సంగతి ఇంట్లో చెబితే ఏమవుతుందో మాకు తెలుసు కనుక అందరం కూడబలుక్కుని నోరు కుట్టేసుకున్నాం. బళ్లో పక్కపక్కన కూర్చోవడం వేరు, ఒకరి చేతి వంట ఇంకొకరు తినడం వేరు, ఆ రోజులు మీరెరుగనివి కావు కదా.

ఒక ఏడాది, క్యాంపు చివరి రోజు చూడడానికి మా ఇండ్ల పెద్దలంతా వస్తున్నారని కబురొచ్చింది. చూస్తే ఆ రోజు వంట వంతు నా స్నేహితుడిది. కన్నతండ్రే అయినా మా బాపులాంటి వాళ్లు కనిపెట్టి రభస చేశారంటే వాణ్ని దళంలోంచి తీసేస్తారు, తియ్యనంటే డ్రిల్ సాబు మీదకు పోతారు, సగం మంది పిల్లలను మాన్పిస్తారు, ఇక దళమనేదే ఉండదు. వంతు మార్చుకోమని మేం వాణ్ని బతిమాలాము. డ్రిల్ సాబు కూడా పక్కకు పిలిచి, నీ ఇష్టం బేటా అన్నారట. వాడు కట్టెలు విరుస్తూనే నాతో అన్నాడు.

"ఇయ్యాల తప్పుకుంటె నా వంతు ఇగ ఎన్నటికి రాదు."

నేనూ పక్కన కూర్చుని కట్టెలు విరిచాను.

అయితే వంట మొదలుపెట్టాక ఇంకో ఆపద వచ్చింది. వాళ్లింట్లో రోజూ జొన్న గట్కే. గట్క అంటే ఉడికే జొన్నరవ్వ, తెడ్డు ఆపకుండా తిప్పాలి, లేకపోతే అడుగంటుతుంది. వరి బియ్యం వాళ్లింట పండక్కి పబ్బానికి ఉడికితే గొప్ప. అంతకు ముందురోజు ఒకడు అన్నం మాడ్చి డ్రిల్ సాబు చేత చీవాట్లు తిని ఉన్నాడేమో, వీడు అడుగంటకూడదని పెద్ద గుండిగలో అన్నాన్ని కూడా గట్కలాగే తిప్పాడు, తిప్పిందే తిప్పాడు. మేం వాగు నుంచి నీళ్లు తెచ్చేసరికి అన్నం లేదు, గుజ్జే ఉంది.

ఇంతలో బండ్లు వచ్చేశాయి. మా బాపుతో పాటు మా అవ్వ కూడా దిగింది. ఆమెకు నోట్లో పన్నన్నది లేదు, మనవడి క్యాంపు చూడాలని పట్టుబట్టి వచ్చింది. మోదుగాకు విస్తర్లు వేసి, ఆ గుజ్జే వడ్డించి, పప్పు పోశాం. పెద్దలు వేలితో కెలికి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. వాడు పొయ్యి దగ్గర తెడ్డు పట్టుకుని తలొంచుకుని నిలబడ్డాడు. వాణ్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది. మా అవ్వ మాత్రం విస్తరి ఖాళీ చేసి తలెత్తింది.

"ఎవరు వండిండ్రు బిడ్డా గీ బువ్వ? నాకు పండ్లు లేవని ఎరిగినట్టె వండిండ్రు."

డ్రిల్ సాబు ఏదో అనబోయేలోపే వాడు తలెత్తాడు.

"నేనే వండిన అవ్వా."

ఏ ఇంటి పిల్లగాడివని అడిగితే అదీ దాచకుండా చెప్పాడు. మా బాపు మొహం మాడ్చుకుని అవ్వ చెవిలో గొణిగాడు. ఆమె విసుక్కుంది.

"తిన్నంక చెప్తె ఏం లాభంరా? కడుపులకు పోయింది మల్ల వస్తదా? ఇంకింత వెయ్యమను."

అందరికంటే పెద్దది తిన్నాక ఇక ఎవరు నోరెత్తుతారు? కొందరు తిన్నారు, కొందరు ఆకలి లేదని లేచారు, కానీ ఒక్కరూ పిల్లలను మాన్పించలేదు. నా దోస్తు దళంలోనే ఉన్నాడు. ఇంకో మాట కూడా దాచను, ఇంటికి రాగానే మా అవ్వ బావి దగ్గర నెత్తి మీద నీళ్లు పోసుకున్నాకే గడప తొక్కింది. అదేందే అవ్వా అంటే, గది గదే గిది గిదే అన్నది. ఆమెను అర్థం చేసుకోవడం నా తరం కాలేదు, ప్రేమించడం మాత్రం ఆపలేదు.

పోలీసు చర్య అయ్యాక డ్రిల్ సాబు పిల్లాజెల్లలతో హైదరాబాదు వెళ్లిపోయారు, దళం చెదిరిపోయింది. నా స్నేహితుడు పంతులై కట్టంగూరు దిక్కు చాలా ఏండ్లు పనిచేశాడు. అక్కడా స్కౌటు దళం పెట్టి, వంట వంతులు పెట్టాడు. వాడి శిష్యులు ఇప్పటికీ ఎక్కడ కలిసినా ఆ వంతుల కథలే చెబుతారు. వింటుంటే నా కడుపు నిండిపోతుంది.

ఇప్పుడు పెండ్లిళ్లలో వంట ఎవరిదని ఎవరూ అడగరు. అడగని రోజు రావడానికి ఎందరు ఎన్ని మాటలు పడ్డారో చూసినవాణ్ని, సంతోషమే. కానీ నేను మాత్రం ఊరుకోలేను, పళ్లెం పట్టుకుని గాడిపొయ్యి దాకా పోయి, ఎవరు వండిండ్రని అడుగుతాను. పోయిన నెల ఒక పెండ్లిలో అట్లాగే అడిగితే వంట చేసినాయన గాబరాపడి గరిటె వదిలేసి వచ్చి, ఏమైంది సార్, ఉప్పెక్కువైందా అన్నాడు. మంచిగున్నది, ఇంకింత పెట్టమని అడుగుదామని వచ్చానంటే, నమ్మకం కుదరక నా పళ్లెంలోకి తొంగి చూశాడు.