పొంగే తేనె

టప్‌మని చప్పుడు ముందు వినిపించేది. సొరబుర్ర నోట్లో కుక్కిన మొక్కజొన్న బెండు ఎగిరిపడిన చప్పుడు. వెనకే నురగ బుసబుస. ఆ తర్వాతే మిహాంబో కనిపించేవాడు, ఎవరో రైలు గార్డు పారేసిన కోటు తొడుక్కుని, దుమ్ములో బెండు వెతుక్కుంటూ.

మా టబోరా వైపు సూదిమందులు ఇంకా రాని రోజులవి. పుండుకి తేనే దిక్కు. అతని తండ్రి అడవిలో చెట్లెక్కి, తేనెటీగలకని కట్టిన బెరడు తొట్టెల్లోంచి పొగవాసన వేసే నల్లతేనె దించిన మనిషి. కొడుకు తేనెటీగ రెక్క చప్పుడుకే కోటు తలమీదికి లాక్కునేవాడు. తండ్రి పేరు చెప్పుకుని వైద్యుడయ్యాడు.

కొన్న తేనెలో బావినీళ్ళు పోసేవాడు. మూడోనాటికి అది పొంగేది. నీళ్ళు కలిసిన తేనె పొంగితే కల్లవుతుందని మా ఇళ్ళలో పసిపిల్లకైనా తెలుసు. అతను మాత్రం మందుకి ప్రాణం వచ్చిందనేవాడు. మేము తలూపేవాళ్ళం. అదే నురగ గిన్నెలో ఉంటే కల్లు, గాయం మీద ఉంటే మందు. మేమూ తక్కువవాళ్ళం కాదు.

కొడుకులు తెచ్చిన తేనెని చుక్క నీరు తగలనివ్వకుండా పుండ్లకి పూసే కలుండె అవ్వనైతే, పొంగని తేనె శవమని ఊరంతా తిరిగి ఎగతాళి చేశాడు.

అమ్మ పాదం పార తగిలి తెగింది. తొమ్మిది రోజులు అతని నురగే పూశాం. వాపు చీలమండ దాటింది, చర్మం వానమబ్బు రంగుకి తిరిగింది. పాదం పోతుందని పక్కింటివాళ్ళు నాకు వినబడేలాగే గొణుక్కున్నారు.

పదోనాడు అతను కుడిచెయ్యి కోటు చేతిలో దాచుకుని వచ్చాడు. ఎడమచేత్తో బుర్ర వంచబోతే జారింది. పట్టుకోవడానికి రెండో చెయ్యి బయటికొచ్చింది. బొటనవేలి మీద గొడ్డలిగాటు. దాని మీద చిక్కటి నల్లతేనె, పొగవాసన. గాటు అంచులు లేతగా, శుభ్రంగా కలుసుకుంటున్నాయి.

"నీ బుర్రలోది రాసుకోలేదేం మామా?"

తన నాన్న దాచిపెట్టిన తేనె అన్నాడు. ఆ నాన్న పోయి పన్నెండేళ్ళు. నీరు తగలని ఆ తేనె ఎవరి ఇంటిదో నాకు తెలుసు. నేను ఆ వేలినే చూస్తూ నిలబడ్డాను. బుర్రలో నురగ బుసబుసలాడుతోంది. అతను అమ్మ పాదం వైపు ఒకసారి చూసి, బెండు గట్టిగా బిగించి, గుమ్మం దాటాక గొంతు తగ్గించాడు.

"పొద్దు వాలకముందే కలుండె దగ్గరికి మోసుకెళ్ళండి, అమ్మాయ్. నేను పంపానని మాత్రం అనకు."