మంగళవారం మొదటి పేషెంటు

ఆఫీసులో ఆవిడను ఎదురుగా మేడమ్ అనేవారు, చాటుగా జల్లెడ అనేవారు. ఇరవై రెండేళ్ళ క్రితం ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే చిన్న ఉద్యోగంలో చేరి, ఇప్పుడు ఆరు వందల మందికి పై అధికారి అయింది. పదకొండో అంతస్తులో అద్దాల గది ఇచ్చారు. అయినా పాత బుద్ధి పోలేదు. ఎవరేం చెబుతున్నా కళ్ళు మూసుకుని వినేది. కునుకు తీస్తోందనుకుని కొత్తవాళ్ళు గొంతు తగ్గించేవారు. సరిగ్గా తప్పు దగ్గరికి రాగానే కళ్ళు తెరిచేది. పాపం, వాళ్ళకు పైప్రాణాలు పైనే పోయేవి.

ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. ప్రోగ్రాము పరీక్ష కోసం కల్పించిన మనుషుల్ని అసలు మనుషుల లెక్కలో వదిలేయకూడదు. అది మరిచిపోయినందుకు ఒక ఇంజనీరుకు అందరి ముందూ చీవాట్లు పెట్టింది కూడా.

ఆ సోమవారం ఆ ఇంజనీరే వచ్చాడు. ఒక ఆసుపత్రికి కంపెనీ మొట్టమొదట చేసిచ్చిన ప్రోగ్రామును మూసేసి, పేషెంట్లందరినీ కొత్తదానిలోకి మారుస్తున్నారు.

"ఒక్క పేషెంటు దగ్గర ఆగిపోయాం మేడమ్. వయసు యాభై ఒకటి. ఇరవై రెండేళ్ళుగా యాభై ఒకటే! ప్రతి మంగళవారం తొమ్మిదింటికి మొదటి నంబరు ఆవిడదే. ఒక్కసారీ రాలేదు. తీసేయాలంటే మీ సంతకం కావాలి."

"పేరు?"

"అమ్మ అని ఉందండీ. ఏ మహానుభావుడు రాశాడో గానీ..."

జల్లెడ కళ్ళు తెరవలేదు.

రాసింది తనే. ఉద్యోగంలో చేరిన మూడో రోజు, పరీక్షకొక పేషెంటు కావాల్సొచ్చి, పేరు దగ్గర అమ్మ అని, వయసు దగ్గర అప్పటి అమ్మ వయసు, బాధ దగ్గర మోకాళ్ళ నొప్పులని కొట్టింది. వారం వారం నంబరు దానంతటదే పడాలి. పడింది. ఆ సంబరంలో చెరపడం మరిచిపోయి ఇంకో పనిలో పడిపోయింది.

ఇంట్లో అసలు అమ్మ మెట్టుకొకసారి ఆగి, "డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తావే?" అనేది. "ఈ పని కానీ అమ్మా, వెళ్దాం," అనేది కూతురు. పని అవడమా? ఒకటయ్యేలోపు ఇంకోటి, దాని వెనకే ప్రమోషను. అమ్మ పోయి మూడేళ్ళయింది. పోయింది గుండెపోటుతో, మోకాళ్ళతో కాదు. ఆ మాట తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకుందో.

మూసుకున్న కళ్ళ వెనక అమ్మ యాభై ఒక్కేళ్ళ మనిషిగానే, చేతిలో చీటీతో పొడవాటి వరండాలో నడుస్తోంది. సంతకం పెడితే ఆ నడకా ఆగిపోతుంది. ఇంకోసారి చంపుకున్నట్టే అనిపించింది.

"రాసింది నేనే," అంది చివరికి. "రేపు పొద్దున్నదాకా ఉంచు."

అతనికి నవ్వే హక్కుంది. నవ్వలేదు. తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళాడు.

మంగళవారం ఆసుపత్రి హాల్లో నేల అప్పుడే తుడిచారు. తడి మీద ఎండ పడి, కుర్చీలన్నీ నీళ్ళలో తేలుతున్నట్టున్నాయి. ఓ మూల కూర్చున్న జల్లెడ తలుపు తెరుచుకున్నప్పుడల్లా అటు చూసింది. చూస్తున్నందుకు సిగ్గుపడింది, మళ్ళీ చూసింది. తొమ్మిదయింది. గోడ మీద తెర వెలిగింది: అమ్మ, నాలుగో గది.

ఎవరూ లేవలేదు.

"ఆవిడ రాదులెండి," అంది కౌంటర్లో ఉన్నామె. "ఈ పది నిమిషాలూ మా డాక్టరుగారు కాఫీ తాగుతారు."

జల్లెడ లేచి లోపలికి వెళ్ళింది. డాక్టరు గాభరాగా కప్పు కింద పెట్టాడు.

"మీరేనా! ఇన్నాళ్ళకా?"

"కాదండీ, కూతుర్ని. అమ్మ మోకాళ్ళ గురించి వచ్చాను."

"మరి ఆవిడేరీ?"

పనులు, ప్రమోషన్లు, గుండెపోటు, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"నేనే తీసుకురాలేదండీ," అని ఏడ్చేసింది. ఏడుస్తూనే ఫోను తీసి, పేరు తీసేయమని సంతకం పెట్టింది.